పిక్నిక్కు, టూరు
(అసోసియేషన్ కార్తీక వనసమారాధన సభలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ఇంకా గంట వ్యవధి ఉన్నదనీ, ఈలోగా నన్ను నాలుగు మాటలు మాట్లాడమనీ కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ముప్పైఏడేళ్ళు గుమస్తాగిరీ చేసినవాణ్ణి నోటు రాయమంటే రాస్తాడు గాని, నిలబడి మాట్లాడమంటే ఇబ్బందే. అందుచేత ఇది కూడా ఆఫీసు నోటు పద్ధతిలోనే సమర్పించుకుంటాను. విషయం: పిక్నిక్కుకూ టూరుకూ గల భేదం. సందర్భం: గత సంవత్సరం మన కోశాధికారిగారు లేవనెత్తిన అభ్యంతరం.

ఆ అభ్యంతరం ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. మన అసోసియేషన్‌లో వనభోజనాల ఖర్చు సభ్యత్వ చందాల ఫండులో నుంచి పెట్టుకోవచ్చునని ఎప్పటినుంచో తీర్మానం ఉంది. యాత్రలకు మాత్రం ఎవరి ఖర్చు వారిదే. గత కార్తీకంలో మనం బస్సు మాట్లాడుకుని ద్వారకా తిరుమల, గుంటుపల్లి గుహలు, పట్టిసీమ చూసి వద్దామని బయలుదేరాం కదా. ఆ బస్సు బాడుగ ఏ పద్దు కింద రాయాలని కోశాధికారిగారు అడిగారు. వనభోజనమా? యాత్రా? "దారిలో పులిహోర తిన్నాం కాబట్టి వనభోజనమే" అని ఒకరన్నారు. "టిక్కెట్టు కొని గుహలు చూశాం కాబట్టి టూరు" అని ఇంకొకరన్నారు. కమిటీ మీటింగు రెండు గంటలసేపు దానిమీదే నడిచింది. అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కాని ఆ రోజు గుంటుపల్లిలో జరిగిన సంగతి తలుచుకుంటే అది నవ్వవలసిన ప్రశ్న కాదని ఇంటికి వెళ్ళాక తోచింది. దాని దగ్గరికి వస్తాను. ముందు పాత కాగితాలు కొన్ని తిరగెయ్యాలి.

మా రోజుల్లో టూరు అనేది సర్కారీ మాట. సరదాగా తిరిగి రావడాన్ని ఎవరూ టూరు అనేవారు కాదు. తహశీల్దారుగారు టూరులో ఉన్నారంటే జమాబందీకో, అజమాయిషీకో, శిస్తు వసూళ్ళకో క్యాంపు వెళ్ళారని అర్థం. 1985లో మండలాలు రాకముందు తాలూకాలు ఎంత పెద్దవో మీకందరికీ తెలుసు. క్యాంపు గుమస్తాగా నేను వెంట వెళ్ళేవాణ్ణి. ఇనప ట్రంకు పెట్టెలో ఫైళ్ళు, కార్బన్ కాగితాలు, లక్క, రబ్బరు స్టాంపులు, ఒక హరికేన్ లాంతరు. ముందుగా టూరు ప్రోగ్రాం పంపి ఆమోదం పొందాలి. వచ్చాక టూరు డైరీ రాయాలి. ఆ తరువాత టి.ఏ. బిల్లు.

ఈ టి.ఏ. బిల్లులో ఉన్నంత స్పష్టంగా టూరు అంటే ఏమిటో ఏ నిఘంటువులోనూ లేదు. హెడ్‌క్వార్టర్స్ నుంచి పూర్వం అయిదు మైళ్ళు, తరువాతి రోజుల్లో ఎనిమిది కిలోమీటర్లు దాటితేనే అది టూరు. దాటకపోతే మీరు రోజంతా ఎండలో తిరిగినా ఆఫీసులో కూర్చున్నట్టే లెక్క. ఆరు గంటలలోపు తిరిగి వస్తే డి.ఏ. లేదు. ఆరు దాటితే సగం, పన్నెండు దాటితే పూర్తి. అయిదున్నర గంటలకే పని ముగిసిన రోజున మా జీపు డ్రైవరు ఊరి పొలిమేరలో టీ కొట్టు దగ్గర బండి ఆపి, ఇంజను వేడెక్కిందని బానెట్ ఎత్తేవాడు. ఆ ఇంజను చల్లబడడానికి సరిగ్గా నలభై నిమిషాలు పట్టేది. ఎందుకు వేడెక్కిందని ఏ అధికారీ అడిగిన పాపాన పోలేదు.

ఇక పిక్నిక్కు అనే మాట మన ఆఫీసుల్లోకి ఎప్పుడొచ్చిందో గాని, మా చిన్నప్పుడు వనభోజనాలనే అనేవారు. కార్తీకంలో ఒక ఆదివారం ఊరి బయట మామిడితోటలోనో కొబ్బరితోటలోనో చేరడం, ఉసిరిచెట్టు ఉంటే దాని కింద, లేకపోతే ఒక ఉసిరి కొమ్మ తెచ్చి నాటి దాని నీడలో విస్తళ్ళు వెయ్యడం. నేను సర్వీసులో చేరిన 1971లో మా ఆఫీసు వనభోజనానికి మనిషికి మూడు రూపాయల చందా. ఆఫీసరుగారు పదిహేను ఇచ్చారు. పంక్తిలో మాత్రం అటెండరు పక్కన ఆఫీసరు కూర్చున్నారు. ఈ మధ్య కార్తీకం వచ్చిందంటే ఏ కులానికి ఆ కులం వనభోజనాలని గోడమీద కాగితాలు కనబడుతున్నాయి. ఎవరి ఇష్టం వారిది, నేనేమీ అనను. నాకు తెలిసిన వనభోజనం మాత్రం అది కాదు.

పిక్నిక్కు అనేది ఫ్రెంచివాళ్ళ మాటట. మా మనవడు ఫోనులో వెతికి చెప్పాడు. మూడు వందల ఏళ్ళ కిందట ఎవరి వాటా వారు తెచ్చుకుని కలిసి తినే విందుకు వాళ్ళు పెట్టుకున్న పేరు అది. అంటే మన మూడు రూపాయల చందా లాంటిదే. తోటలో తినాలన్న నియమం కూడా మొదట్లో లేదట, వాటా వెయ్యడమే అసలు. టూరు కూడా ఆ భాషదే. చుట్టు తిరగడం అని దాని అర్థం. ఎక్కడికి వెళ్ళినా చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే రావాలి. మన తెలుగులో ఆ సౌకర్యం ఒక్క మాటలోనే ఉంది. ఊళ్ళు తిరగడమూ తిరగడమే, ఇంటికి రావడమూ తిరిగి రావడమే.

అలా తిరిగి వచ్చినవారిలో మనలాంటి ఉద్యోగి ఒకాయన ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా చేసేవారు. 1830 మే నెలలో సెలవు పెట్టి, కుటుంబంతో, పరివారంతో, సుమారు వందమందిని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళి, గయ, కలకత్తా చూసుకుని, కోస్తా దారిన 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలలు. రైలు లేదు, తారురోడ్డు లేదు. ఏ మజిలీ ఎంత దూరం, అక్కడ నీళ్ళున్నాయా లేవా, ఏ వస్తువులు దొరుకుతాయి అన్నీ రాసుకున్నారు. 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. నేను దాన్ని ఇంచుమించు టూరు డైరీలాగే చదివాను. వందమందిని పదిహేను నెలలు నడిపించడం ఎలాగో అందులో తెలుస్తుంది. మేము యాభైమందిని ఒక్కరోజు నడిపించలేకపోయాం.

అయితే పిక్నిక్కే టూరుగా మారిన సందర్భం ఒకటి నా సర్వీసులో ఉంది. అది చెప్పకుండా ముందుకు పోలేను.

1977వ సంవత్సరం. కార్తీకమాసం. మా తాలూకా ఆఫీసు వనభోజనాలు నవంబరు 20, ఆదివారంనాడు ఏలూరు బయట ఒక మామిడితోటలో అని నిర్ణయించాం. అరవైమందికి సరుకులు కొన్నాం. పులిహోర మా ఇంటి వంతు. మా ఆవిడకి అప్పటికి పెళ్ళయి నాలుగేళ్ళు, చంకలో పిల్లాడు. శుక్రవారం రాత్రే చింతపండు పులుసు ఉడికించి పెద్ద జాడీలో పోసి పెట్టింది. శనివారం మధ్యాహ్నం నుంచి గాలి మొదలైంది. రాత్రి ఆ గాలి చప్పుడు విన్నవాళ్ళు ఇక్కడ ఇంకా కొందరున్నారు. తెల్లవారేసరికి మేమనుకున్న తోటలో చెట్లు సగం పడిపోయాయి. వనభోజనాలు పోయాయని చిన్నబుచ్చుకున్నాం. దివిసీమ సంగతి మాకప్పటికి తెలియదు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నదని తెలియడానికి మరి రెండు రోజులు పట్టింది.

మా ఆఫీసు నుంచి ఇద్దరు గుమస్తాలని సహాయ కార్యక్రమాల డ్యూటీకి వెయ్యమని ఆర్డరు వచ్చింది. ఒకణ్ణి నేను. వనభోజనాలకి కొన్న బియ్యం, కందిపప్పు, నూనె అదే లారీలో ఎక్కించాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీర్మానం చెయ్యలేదు. అటెండరు బస్తా భుజాన వేసుకున్నాడు, అందరూ అందుకున్నారు. నేను బయలుదేరుతుంటే మా ఆవిడ ఆ పులుసు జాడీ తెచ్చి చేతిలో పెట్టింది. అవనిగడ్డ క్యాంపులో మొదటి నాలుగు రోజులూ ఆ పులుసే మాకు కూర, అదే పచ్చడి. పగలు కనిపించినవి చూశాక రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఆ పులుపు వల్ల దిగింది. ఆ రోజుల గురించి ఇంతకంటె ఇక్కడ, భోజనాలముందు చెప్పను.

ఇరవైమూడు రోజులు ఉండి వచ్చాను. వచ్చాక టి.ఏ. బిల్లు పెడితే, బిల్లులు పాసు చేసేచోట అభ్యంతరం రాసి తిప్పి పంపారు. టూరు ప్రోగ్రాంకి ముందస్తు ఆమోదం లేదట. మా హెడ్‌క్లర్కుగారు ఆ కాగితం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత తన సొంత దస్తూరీతో దానికింద జవాబు రాశారు: "ఉప్పెన తన ప్రోగ్రామును ముందుగా పంపియుండలేదు. కావున మేమునూ పంపజాలకపోతిమి." వారం రోజుల్లో బిల్లు పాసయింది. ఆయన ఇప్పుడు లేరు. టి.ఏ. బిల్లు రాయడం నాకు నేర్పింది ఆయనే. ఆయన భార్య మన ఫ్యామిలీ పెన్షనరు. నేను అక్కయ్యగారు అని పిలుస్తాను. అదుగో, మూడో వరసలో కూర్చున్నారు. ఇకమీద చెప్పబోయేది ఆవిడ సంగతే. చెప్పడానికి నిన్ననే అనుమతి తీసుకున్నాను.

గత ఏడాది బస్సు ఏర్పాట్లు నావి. కమిటీ నాకు అప్పగించింది. సర్వీసంతా టూరు ప్రోగ్రాములు రాసినవాణ్ణి కదా అని. కాని నేనేం చేశాను? "వనభోజనాలే కదా" అనుకున్నాను. ఎక్కినవాళ్ళ జాబితా రాయలేదు. మనిషికి ఒక ఫోను నంబరు తీసుకోలేదు. ఎవరికి సుగరు, ఎవరికి మోకాళ్ళు, ఎవరికి చెవుడు అని అడగలేదు. పులిహోర ఎన్ని కిలోలు, గారెలు ఎన్ని, విస్తళ్ళు ఎన్ని అని మాత్రం మూడు కాగితాలు రాశాను. ద్వారకా తిరుమలలో దర్శనానికి అనుకున్నదానికంటె గంటన్నర ఎక్కువ పట్టింది. గుంటుపల్లి చేరేసరికే ఆలస్యం. అక్కడ మెట్లున్నాయి. ఎక్కగలిగినవారు ఎక్కారు. క్రీస్తుకు పూర్వపు బౌద్ధుల కట్టడాలు. గుండ్రని గుహలో పైకప్పు రాతిని కర్రవాసాల్లాగ చెక్కారు, పూరింటి చూరు కింద నిలబడ్డట్టే ఉంటుంది. మన జిల్లాలో ఉండి కూడా నేను డెబ్బయి దాటాక చూశాను. బాగుంది. కాని కిందికి దిగేటప్పుడు పట్టిసీమలో పడవ దొరకదేమోనన్న తొందర. "ఎక్కండి, ఎక్కండి" అన్నాను. "అందరూ ఎక్కారా?" అని కేకేశాను. "ఎక్కాం" అని బస్సంతా జవాబు చెప్పింది. ఎక్కనివాళ్ళు జవాబు చెప్పరని నాకు తోచలేదు.

కామవరపుకోట దాటి కొయ్యలగూడెం దారి పట్టాక, ఒక సీటులో సంచీ ఉండి మనిషి లేదని మా ఆవిడ చూసింది. సంచీలో సుగరు బిళ్ళలు, ఫోను, మంచినీళ్ళ సీసా అన్నీ ఉన్నాయి. అక్కయ్యగారు లేరు.

బస్సు తిప్పాం. తిరిగి వెళ్ళేసరికి మొత్తం గంటకు పైన అయింది. ఆ గంటలో నా ఒంట్లో బి.పి. ఎంత ఉన్నదో దేవుడికి తెలియాలి. ఎనభై ఏళ్ళ మనిషి. మా హెడ్‌క్లర్కుగారి భార్య. ఆయన నాకు నేర్పిన పని నేను చెయ్యకపోవడం వల్ల ఆవిడ రోడ్డుపక్కన ఉన్నారు. బస్సులో ఒక్కరూ మాట్లాడలేదు.

ఆవిడ టిక్కెట్ల గది పక్కన చెట్టు కింద అరుగుమీద కూర్చుని ఉన్నారు. అక్కడి వాచ్‌మన్ తన డబ్బాలోని రెండు ఇడ్లీలు పెట్టి, మజ్జిగ ఇచ్చాడట. అతని పిల్లలు ఏం చదువుతున్నారో, పెద్దకూతురు కాన్పు ఎప్పుడో అన్నీ ఆవిడ తెలుసుకున్నారు. నేను కాళ్ళు వణుకుతూ బస్సు దిగితే ఆవిడ నన్ను చూసి, "అదేమిటి తమ్ముడూ, అంత కంగారు? పిక్నిక్కు అన్నారు కదా, ఒకచోట కూర్చోవడమే అనుకున్నాను. మెట్లెక్కలేను కాబట్టి ఇక్కడ కూర్చున్నాను. మీరంతా ఎక్కడికి వెళ్ళారు?" అన్నారు.

కోశాధికారిగారి అభ్యంతరానికి జవాబు అదీ. నేను మనసులో టూరు పెట్టుకుని కాగితం మీద పిక్నిక్కు అని రాశాను. ఆవిడ కాగితాన్ని నమ్మారు. పిక్నిక్కులో మనిషి ఎక్కడ కూర్చుంటే అదే స్థలం, ఎవరూ ఎక్కడికీ పోరు, ఆలస్యమైతే పులిహోర చల్లారుతుంది, అంతే. టూరులో ఆలస్యమైతే పడవ పోతుంది. పడవ పోతుందన్న తొందరలోనే మనుషులు పోతారు.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. 2017 నవంబరు 12 కూడా కార్తీక ఆదివారమే. ఒంగోలు నుంచి వాకర్స్ క్లబ్బువారు, మనలాంటి పెద్దవాళ్ళు, కుటుంబాలతో సహా విజయవాడ వచ్చారు. భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమానికి పడవలో వెళుతుంటే ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడింది. ఇరవైమందికి పైగా పోయారు. అది అనుమతి లేని పడవ అని తరువాత పత్రికల్లో చదివాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోతూ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవ సంగతీ మరచిపోలేం. గత ఏడాది మన బస్సు వెనక్కి తిప్పడం వల్ల పట్టిసీమ చూడలేకపోయామని కొందరికి కోపం వచ్చింది. ఆ సాయంత్రం ఎలాంటి పడవలో, ఎంతమందిని, ఎంత చీకట్లో ఎక్కించి ఉండేవాణ్ణో నాకే తెలియదు. అడిగి ఉండేవాణ్ణి కాదు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడగడం వనభోజనాల జాబితాలో లేదు కదా.

ఇక ఇంటి సంగతి ఒకటి. మా ఆవిడ కూడా ఇక్కడే ఉంది గాని అనుమతి తీసుకోలేదు. ఇంటికి వెళ్ళాక చూసుకుంటాను.

2008లో రిటైరయిన రోజున ఆఫీసులో సన్మానం చేశారు. శాలువా కప్పి, "వీరు సర్వీసంతా టూర్లలోనే గడిపారు" అని పొగిడారు. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా ఆవిడ ఇలా అంది: "నాకు తెలిసి రెండే ఉన్నాయి. టూరంటే మీరు వెళ్ళేది. పిక్నిక్కంటే నేను వండేది." కోపంగా అనలేదు. బియ్యం ఏరుతూ అంది. నేను లెక్క వేసుకున్నాను. ముప్పైఏడు కార్తీకాలలో పెళ్ళికి ముందరి ఏళ్ళూ, దివిసీమ ఏడాదీ, ఇద్దరు పిల్లలు పుట్టిన ఏళ్ళూ తీసేసినా ముప్పైకి పైగా వనభోజనాలకి ఆవిడ పులిహోర కలిపింది. తోటలో కూడా ఆవిడ పొయ్యి దగ్గరే. మేము తాంబూలాలు వేసుకుని అంత్యాక్షరి మొదలుపెట్టాక ఆడవాళ్ళు ఆఖరి పంక్తిలో, అడుగంటిన కూరతో కూర్చునేవారు. ఉసిరిచెట్టు నీడ అప్పటికి పక్కకు జరిగిపోయేది. ఇది మా ఆఫీసు ఒక్కటే చేసిన పని కాదు. ఇక్కడున్న మగవారు ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ఆ ఏడాదే కాశీ వెళ్ళాం. తొమ్మిది రాత్రుల సంకల్పం. మానససరోవర్ ఘాటు దగ్గర ఆంధ్రాశ్రమంలో దిగాం. నేను అలవాటుకొద్దీ ప్రోగ్రాం రాశాను: తేదీ, సమయం, స్థలం, దూరం. మొదటి రెండు రోజులూ నా ప్రోగ్రాం ప్రకారమే నడిచింది. మూడో రోజు పొద్దున్న గంగ ఒడ్డున మెట్లమీద కూర్చుని ఆవిడ లేవలేదు. "సారనాథ్ వెళ్ళాలి, ఆటో వచ్చింది" అన్నాను. "మీరు క్యాంపు చేసుకుని రండి. నేనిక్కడ కూర్చుంటాను. నన్నెవరూ అన్నం వండమని అడగని చోటు ఇన్నాళ్ళకు దొరికింది" అంది. నేను ఒక్కణ్ణే సారనాథ్ వెళ్ళి, చూడవలసినవన్నీ చూసి, మధ్యాహ్నానికి వచ్చాను. ఆవిడ అక్కడే ఉంది. పక్కన కూర్చున్న బెంగాలీ ముసలావిడతో మాట్లాడుతోంది. ఈవిడకి బెంగాలీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా మరమరాల పొట్లం ఉంది. ఎవరి వాటా వారు తెచ్చుకుని ఉంటారు. ఫ్రెంచివాళ్ళు ఆ మాట ఎందుకు పుట్టించారో నాకు తెలియదు గాని, ఆ పూట నాకు కనబడింది అదే.

సారనాథ్‌లో ఏం చూశానో చెప్పమంటే ఇవాళ నాకు సగం గుర్తులేదు. ఆవిడ మాత్రం ఆ మెట్లమీద చూసిన పడవల రంగులు ఇప్పటికీ చెబుతుంది. అలాగని టూరు దండగ అనను. గుంటుపల్లి గుహ చూడకుండా పోతే నాకు లోటే. పైగా ఇప్పుడు మనవాళ్ళకి ప్రయాణం మునుపటంత చవక కూడా కాదు. రైల్లో పెద్దవాళ్ళకిచ్చే రాయితీ, మగవారికి నలభై శాతం, ఆడవారికి యాభై శాతం ఉండేది, 2020 మార్చిలో ఆపేశారు. సర్వీసులో ఉండగా ఎల్.టి.సి. ఉంటే నాలుగేళ్ళ బ్లాకులు బ్లాకులుగా వాడుకోకుండా వదిలేశాం. ఇప్పుడు సొంత డబ్బుతో, సొంత మోకాళ్ళతో తిరగాలి. ఆ మాత్రం ఖర్చు పెట్టుకుని వెళ్ళేటప్పుడు దాన్ని టూరులాగే నడపాలి.

అందుచేత కమిటీ మొన్నటి మీటింగులో ఈ రెంటినీ విడగొట్టింది. ఇవాళ మనం వచ్చినది వనభోజనం. ఊరికి ఆటో దూరం. టి.ఏ. రూల్సు ప్రకారం చూసినా ఎనిమిది కిలోమీటర్లు దాటలేదు, ఎవరికీ డి.ఏ. రాదు. ఖర్చు ఫండులోదే. పొయ్యి దగ్గర మీకు కనబడుతున్నవారు బాడుగకు మాట్లాడిన వంటవారు. మొదటి పంక్తి ఆడవారిది. వడ్డన మగవారిది. ఇందులో అభ్యంతరం ఉన్నవారు లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు, భోజనాలయ్యాక పరిశీలిస్తాం. పులిహోర మాత్రం మా ఆవిడ కలపలేదు కాబట్టి రుచిలో తేడా ఉంటే నన్ననకండి.

టూరు మాఘమాసంలో. రథసప్తమి రద్దీ తగ్గాక మూడు రోజులు అన్నవరం, సింహాచలం, శ్రీకూర్మం, అరసవల్లి. ఎవరి ఖర్చు వారిది. ముప్పైమందికి మించి తీసుకోం. నదిలో గాని సముద్రంలో గాని పడవ కార్యక్రమం లేదు, దయచేసి అడగవద్దు. రోజుకు రెండు చోట్లకు మించి చూడం. ప్రతివారూ హెల్త్ కార్డు, వాడే మందుల చీటీ, ఇంట్లోవారి ఫోను నంబరు ఇవ్వాలి. మందుల సంచీ, ఫోను బస్సులో వదలకుండా మెడలో వేసుకునే చిన్న సంచీలు కుట్టిస్తున్నాం. బస్సు కదిలేముందు "అందరూ ఎక్కారా" అని అడగడం ఉండదు. పేరు పేరునా హాజరు పిలుస్తాం. చెవుడున్నవారి పక్కన చెవులున్నవారిని కూర్చోబెడతాం. ఎక్కలేనివారు, ఎక్కడం ఇష్టంలేనివారు ఎక్కడ నీడ ఉంటే అక్కడ కూర్చోవచ్చు. వారితోపాటు కమిటీ మనిషి ఒకరు ఉంటారు. ఆ డ్యూటీ మొదటి రోజు నాది.

జాబితా పుస్తకం ఇక్కడ బల్లమీద పెట్టాను. భోజనాలయ్యాక పేర్లు రాయండి. ఒక పేరు ఇప్పటికే రాసి ఉంది. అక్కయ్యగారు ఇందాక బస్సు దిగగానే అడిగి రాయించుకున్నారు. తలుపు పక్క సీటు కావాలనీ, గుంటుపల్లి దారిన వెళ్ళేటట్టయితే ఆ వాచ్‌మన్ మనవరాలికి పొట్లం ఇవ్వాలనీ రెండు షరతులు పెట్టారు. మనం అటు పోవడం లేదని చెప్పాను. అయితే ఆ పొట్లం నన్ను తీసుకెళ్ళి ఇచ్చి రమ్మన్నారు. ఎల్లుండి వెళుతున్నాను.

వడ్డనకు రమ్మని పిలుస్తున్నారు. సెలవు.